ఊరు విడిచినవాడికే ఊరిపేరు

మార్కాపురంలో రిటైరైన తెలుగు మాస్టారి మనవడు నార్వేలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని పక్క సీటాయన ఇంటిపేరు బాకెన్, అంటే కొండవాలు అట. "మన ఇంటిపేరుకి అర్థమేంటి తాతయ్యా?" అని ఆ కుర్రాడు ఫోన్లో అడిగిన దగ్గర్నుంచి మాస్టారికి ఇంటిపేర్ల పూనకం పట్టింది. ఎదురింట్లో అద్దెకుండే సర్వేయరమ్మ ఒక సచివాలయంలో పనిచేస్తుంది. పగలంతా గట్ల మీద గొలుసూ రోవరూ పట్టుకుని తిరిగి, సాయంత్రం మాస్టారి అరుగు మీద కాసేపు కూర్చుంటుంది. ఇద్దరికీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు. ఇంటిపేరు నేల రాసిచ్చిన దస్తావేజని ఆయన వాదన. సబ్ రిజిస్ట్రారు సంతకం లేనిది దస్తావేజే కాదని ఆవిడ వాదన. వాళ్ల మధ్య కూర్చుని విన్నదంతా రాస్తున్నాను. నా మాటలు బ్రాకెట్లలో పెట్టాను.

మాస్టారు: చూడమ్మా, నార్వే వాళ్ల ఇంటిపేర్లు వింటే వాళ్ల ఊరి చుట్టూ ఒకసారి తిరిగొచ్చినట్టే. బెర్గ్ అంటే కొండ, డాల్ అంటే లోయ, హౌగెన్ అంటే తిప్ప, లీ అంటే కొండవార. ఐక్యరాజ్య సమితికి మొట్టమొదటి సెక్రటరీ జనరల్ ట్రిగ్వే లీ ఆ కొండవార మనిషే. జర్మన్లకూ బెర్గ్ ఉంది, వాగుకి బాఖ్ ఉంది. మనకి కొండా, గుట్టా, మిట్టా, అడివి, మడుగుల, తుమ్మల, మర్రి లేవా? ఎక్కడైనా నేలే మనిషికి పేరు పెట్టింది.

సర్వేయరు: నేల పేరు పెట్టదు మాస్టారూ, పెట్టేది మనుషులు. అడివి బాపిరాజు గారు పుట్టింది భీమవరం సీమలో. అక్కడ అడవేది? వరిచేలు తప్ప ఇంకేం ఉండవు. మిట్టా వాళ్లు పల్లంలో, కొండా వాళ్లు సముద్రం పక్కన కాపురం ఉంటారు. మీ దస్తావేజులో హద్దులన్నీ తప్పే.

మాస్టారు: అవి హద్దులు కావు, ఎక్కడినుంచి వచ్చారో ఆ ఆనవాళ్లు. దర్శి చెంచయ్యగారిని తీసుకో. 1912లో అమెరికా వెళ్లి గదర్ పార్టీలో చేరినాయన. ఇంటిపేరు దర్శి, పుట్టింది కనిగిరిలో. దర్శిలోనే ఉండిపోయిన కుటుంబాన్ని దర్శి వాళ్లని ఎవరు పిలుస్తారు? అందరూ దర్శి వాళ్లే కదా అక్కడ! కందుకూరి వీరేశలింగంగారి పెద్దలు కందుకూరు నుంచి రాజమండ్రి పోయారు కాబట్టే కందుకూరి వారయ్యారు. ఊళ్లో ఉన్నవాడికి ఊరిపేరు దక్కదు, ఊరు విడిచినవాడికే దక్కుతుంది.

(ఇది మాస్టారికి బాగా నచ్చిన మాట. చెప్పాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ప్రకాశం పంతులుగారిని కూడా లాక్కొచ్చారు. ఆయన 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు, ఇంటిపేరు టంగుటూరి. సరిగ్గా వందేళ్లకు, 1972లో, ఒంగోలు జిల్లాకి ఆయన పేరు పెట్టారు. మనిషికి ఊరిపేరు ఇచ్చిన జిల్లా ఆ మనిషి పేరే తను పెట్టుకుంది.)

సర్వేయరు: సరే. మరి పేరులో పోలిక చూసి చుట్టరికం కలిపేస్తున్నారే, అదేంది? మా ఆఫీసులో కంభంపాటి ఆయన ఒకాయన ఉన్నాడు. మన కంభం వాళ్లేనని అందరూ కంభం చెరువు ఫొటోలు పంపిస్తారు ఆయనకి.

మాస్టారు: తప్పు. వ్యాకరణం ఒప్పుకోదు. కంభం వాళ్లయితే కంభం అనే ఉంటుంది, పాటి ఎక్కడినుంచి వస్తుంది? పాడు ఉంటేనే పాటి. కృష్ణా జిల్లా వైపు కంభంపాడు అనే ఊళ్లు ఉన్నాయి, అక్కడ వెతుక్కోవాలి ఆయన. మన భాషలో ఇల్లు ఇంటి అయినట్టే ఏరు ఏటి అవుతుంది, పాడు పాటి, వీడు వీటి, ఊరు ఊరి అవుతుంది. కొండవీడు నుంచి కొండవీటి వచ్చింది. మన అర్ధవీడు నుంచి ఎవరైనా పోతే అర్ధవీటి వారవుతారు, తర్లుపాడు నుంచి పోతే తర్లుపాటి వారవుతారు. తుర్లపాటి అంటే తర్లుపాడే అని ఇక్కడ కొందరు మురిసిపోతారు. అది తుర్లపాడు, వేరే ఊరు. చూశావా, ఇంటిపేరు చివర ఆ ఒక్క మార్పు చాలు. ఊహా నిజమా తేల్చేస్తుంది. యార్లగడ్డ బాలగంగాధరరావుగారు ఊళ్ల పేర్ల మీదా ఇంటిపేర్ల మీదా అన్నేళ్లు పనిచేశారంటే ఊరికేనా? ఆయన ఇంటిపేరులోనూ ఒక గడ్డ ఉంది, గమనించు!

సర్వేయరు: మీరే నా పని చేసిపెట్టారు. సగం పోలికలు అబద్ధమని ఒప్పుకున్నారు.

మాస్టారు: మిగతా సగం నిజమని నువ్వు ఒప్పుకున్నట్టేగా? అయితే కాకర్ల విను. అర్ధవీడు మండలం కాకర్ల. పాత కంభం తాలూకా, 1970లో ఒంగోలు జిల్లా పుట్టేదాకా కర్నూలు జిల్లా. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. తండ్రి కాకర్ల రామబ్రహ్మం. ములికినాటి వైదికులు, ములికినాడంటే కడప సీమ పాతపేరు. ఆ వంశం మన కాకర్ల నుంచే తమిళదేశం పోయిందని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. 1767లో తిరువారూరులో పుట్టి, తిరువైయారులో బతికి, 1847లో అక్కడే పోయారు. కావేరి నీళ్లు తాగిన మనిషి పేరు ముందు నల్లమల కింది ఊరుంది.

సర్వేయరు: ఆయన పాటల్లో ఎక్కడైనా కాకర్ల అని పెట్టుకున్నారా?

మాస్టారు: లేదు. ముద్ర త్యాగరాజ అనే.

సర్వేయరు: తిరువారూరు గుడిలో దేవుడి పేరు త్యాగరాజస్వామేగా?

మాస్టారు: అవును.

సర్వేయరు: అంటే పుట్టిన ఊరి దేవుణ్ణి పాటలో పెట్టుకున్నారు, తాతల ఊరిని ఇంటిపేరులో వదిలేశారు. ఆయనకి కావలసిన ఊరేదో ఆయనే చెప్పారు కదా. కాకర్ల కావలసింది మనకి, ఆయనకి కాదు.

(మాస్టారు కాసేపు మాట్లాడలేదు. నాకైతే ఆవిడ చెప్పింది సగమే అనిపించింది. కొత్త చోటు దేవుడూ పాత చోటు పేరూ ఒకే మనిషి మీద ఉండటమే వలస. ఏది తీసేసినా ఆయన సగమే మిగులుతాడు. అయితే ఆ సంగతి అక్కడ చెప్పలేదు, వాదన నాది కాదు గనక.)

మాస్టారు: పోనీ, నార్వే వాళ్లు ఎలా చేశారో విను. వాళ్లకి పాతరోజుల్లో స్థిరమైన ఇంటిపేరే లేదు. తండ్రి పేరుకి కొడుకయితే సెన్, కూతురయితే దాతెర్ తగిలించి, దాని వెనక ఏ కమతంలో ఉంటే ఆ కమతం పేరు చెప్పేవారు. కమతం మారితే పేరూ మారేది. హౌగెన్‌లో ఉన్నన్నాళ్లు హౌగెన్, లోయలోకి దిగితే డాల్. పాలేరు కూడా ఆ కమతం పేరుతోనే చలామణి అయ్యేవాడు. పేరు మనిషిది కాదు, నేలది.

సర్వేయరు: ఆగండి. పాలేరు కూడానా?

మాస్టారు: పాలేరు కూడా.

సర్వేయరు: ఇప్పుడు దారికొచ్చారు. మన పాత రికార్డులు మీరు చూసుండరు, నేను చూస్తాను. భూమి ఉన్నవాడి పేరు ఇంటిపేరుతో సహా నిండుగా ఉంటుంది. కూలివాడి పేరు ముందు కులం పేరు రాసి, పేరు సగం చేసి వదిలేస్తారు. అదే ఊళ్లో, అదే వాగు ఒడ్డున, ఆ వాగులోనే గొడ్లు కడిగినవాడు. వాడికి ఇంటిపేరు లేకనా? ఉంది. రాసేవాడు అడగలేదు. నార్వేలో కూలివాడికి కమతం పేరొచ్చింది, మన కరణం కూలివాడికి కులం పేరే రాశాడు. నేలే పేర్లు పెడుతుంది అంటారే, ఈ నేల మనిషిని చూసి పెట్టింది.

మాస్టారు: అది కరణం తప్పు, ఇంటిపేరు తప్పు కాదు.

సర్వేయరు: ఇంకోటి. దోర్నాల పక్క కొన్నాళ్లు పనిచేశాను. నల్లమల అంతా చెంచులదే. వాళ్ల ఇంటిపేర్లలో కొండ ఉందా, కోన ఉందా? ఉడతల, మేకల, అరటి, తోట, నిమ్మల. ఇవీ వాళ్ల పేర్లు. కొండలో పుట్టి కొండలో పోయేవాడికి కొండ గుర్తు అవసరం లేదు. కొండని కింద నుంచి చూసేవాడే కొండా అని పెట్టుకున్నాడు.

మాస్టారు: అమ్మా, నేను ఇందాకటినుంచీ చెబుతున్నది అదే! విడిచినవాడికే పేరని. నువ్వు నాతోనే వాదించి నా మాటే చెబుతున్నావు.

సర్వేయరు: కాదు. విడిచినవాడు వేరు, అసలు అక్కడ లేనివాడు వేరు. మీరు రెండూ ఒకటే అంటున్నారు.

(ఇక్కడ టీలు వచ్చాయి. మాస్టారు తన గ్లాసు అలాగే పక్కన పెట్టి, జర్మనీ పల్లెల్లోకి వెళ్లిపోయారు.)

మాస్టారు: జర్మనీలో వెస్ట్‌ఫాలియా అని ఒక సీమ. అక్కడ కమతానికి వారసురాలు ఆడపిల్లయితే, ఆమెను పెళ్లిచేసుకుని వచ్చినవాడు ఆ కమతం పేరే పెట్టుకునేవాడు. తన సొంత పేరు ముందు రాసి, 'అనబడు' అని తగిలించి, కమతం పేరు చివర రాసేవారు. మన ఇల్లరికం అల్లుడు అట్లా మారతాడా? మామ పొలం దున్నుతాడు, మామ ఇంట్లో తింటాడు, ఇంటిపేరు మాత్రం తండ్రిదే. నేలకి మనకన్నా వాళ్లే ఎక్కువ మర్యాద ఇచ్చారు.

సర్వేయరు: అల్లుడి సంగతి బాగానే చెప్పారు. కోడలి సంగతి? పుట్టింట మాది చింతగుంట్ల. చింతచెట్టూ గుంటా రెండూ ఉన్న పేరు, మీకు ప్రాణం లేచొస్తుంది వింటే. పెళ్లయిన నెలకి రేషన్ కార్డులో పోయింది, ఏడాదికి ఆధార్‌లో పోయింది. ఇప్పుడు నా పేరు ముందున్న ఊరు నేను చూడను కూడా చూడలేదు. ఊరు విడిచినవాడికే ఊరిపేరు అంటిరి. ఊరు విడిచి వచ్చింది నేను. నాకు దక్కిందా?

మాస్టారు: ...

సర్వేయరు: నార్వేలో ఆడవాళ్లకి ఎట్లుండేదో?

మాస్టారు: పాతరోజుల్లో పెళ్లయినా తండ్రి పేరే. ఫలానావాడి దాతెర్ అనే. 1923లో చట్టం వచ్చింది, ప్రతి కుటుంబానికీ ఒకే స్థిరమైన ఇంటిపేరు ఉండాలని. భార్యకి భర్త పేరే ఉండాలని కూడా ఆ చట్టంలోనే.

సర్వేయరు: అయితే అక్కడ చట్టం, ఇక్కడ కార్డు. రెండుచోట్లా మాకే చుట్టుకుంది.

(ఇక్కడ గెలుపు ఆవిడదే. మాస్టారు కూడా కాదనలేదు. "ఇంటిపేరు తవ్వేటప్పుడు పుట్టింటి పేరు కూడా అడగాలి, అడగని పరిశోధన సగమే" అన్నారు మెల్లగా. చాలా ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పినాయన ఒక పాఠం వినిపించుకున్నారు.)

సర్వేయరు: ఆ 1923 సంగతి మళ్లీ చెప్పండి. దాంతో కమతం మారితే పేరు మారడం ఆగిపోయిందా?

మాస్టారు: ఆగిపోయింది. ఆ రోజు ఎవరు ఎక్కడుంటే అక్కడే గడ్డకట్టింది. అంతకుముందు ఓడెక్కి అమెరికా పోయినవాళ్లలో చాలామంది విడిచొచ్చిన కమతం పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. చట్టం కన్నా ముందే, దూరం వాళ్లకి పేరు ఖాయం చేసింది.

సర్వేయరు: మనకీ గడ్డకట్టింది. ముందు పదో తరగతి సర్టిఫికెట్, తర్వాత ఆధార్. ఇక కొత్త ఇంటిపేరు పుట్టదు మాస్టారూ. అందుకే మీ మాట నాకు చరిత్రగా ఒప్పు, ఇవాళ్టికి ఒప్పుకోను. వెలిగొండ చూడండి.

మాస్టారు: పూల సుబ్బయ్యగారి పేరున్న ప్రాజెక్టు. పూల, అదీ మంచి ఇంటిపేరే.

సర్వేయరు: మీరు పేరు దగ్గరే ఆగిపోతారు. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు దగ్గర మొదలుపెట్టి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటి పద్దెనిమిది కిలోమీటర్ల పైన. ఇవతల సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల, ఈ మూడు గండ్లూ మూసేస్తే నల్లమల సాగరం. 53.85 టీఎంసీలు. మీ త్యాగరాజస్వామి కాకర్ల పేపర్లో ఇప్పుడు కనబడేది గండి పేరుగానే.

మాస్టారు: ఆ నీళ్ల కోసం నా చిన్నప్పటినుంచీ ఎదురుచూస్తున్నాం. రావద్దంటావా?

సర్వేయరు: రావాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన వాళ్ల ఇళ్లు నేను కొలిచాను, నీళ్లు వద్దనే పాపం నేను కట్టుకోను. ముంపు ఊళ్ల పేర్లు చెబుతాను వినండి. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ. సుంకేసుల చెట్టు. నుయ్యి. గుండం, చెరువు. మీరు అన్నట్టు నేలే పేరు పెట్టిన ఊళ్లు. ఆ జనం ఊరు విడుస్తారు. మీ సూత్రం ప్రకారం వాళ్లకి ఊరిపేరు రావాలి. వస్తుందా? కాలనీలో ప్లాటు నంబరు వస్తుంది, పరిహారం జాబితాలో సీరియల్ నంబరు వస్తుంది. పాతకాలం అయితే రెండు తరాలకి కలనూతల వారు అయ్యేవాళ్లు. ఇప్పుడు ఏ పేరుతో పోతారో ఆ పేరుతోనే ఉంటారు. ఊరు నీళ్ల కిందకీ పోతుంది, పేర్లలోనూ ఉండదు.

మాస్టారు: నోటిమాటలో ఉంటుంది. "కలనూతల మామ వచ్చాడు" అంటారు.

సర్వేయరు: ఆ మామ ఉన్నన్నాళ్లు అంటారు.

(ఇక్కడ మాస్టారు లేచి లోపలికి వెళ్లారు. కోపమొచ్చిందనుకున్నాం. ఒక నోటుపుస్తకం పట్టుకొచ్చారు, మనవడు ఫోన్లో చెప్పినవన్నీ అందులో రాసుకున్నారు.)

మాస్టారు: ఓలుఫ్ రిగ్ అని ఒకాయన. 1833లో పుట్టాడు, చరిత్ర పండితుడు. నార్వే కమతాల పేర్లన్నీ, పాత దస్తావేజుల్లో ఎట్లా రాశారు, అర్థమేంటి, జిల్లాల వారీగా పుస్తకాలుగా వేశారు. 1897లో మొదలై, ఆయన పోయాక కూడా దశాబ్దాలపాటు వచ్చాయి ఆ సంపుటాలు. హౌగెన్, బాకెన్, బెర్గ్ గురించి ఇవాళ ఎవరు ఏం చెప్పినా ఆ పుస్తకాలు తిరగేసే చెబుతారు. ఆ పని ఎట్లా మొదలయిందో తెలుసా?

సర్వేయరు: మీలాంటి మాస్టారు ఎవరైనా మొదలెట్టుంటారు.

మాస్టారు: కాదు. నీలాంటివాళ్ల వల్ల! 1878లో భూమి శిస్తు రిజిస్టరు సవరిస్తూ, కమతాల పేర్ల స్పెల్లింగులు సరిచేయడానికి ప్రభుత్వం ఒక సంఘం వేసింది. అందులో రిగ్ ఒకడు. శిస్తు లెక్క కోసం పట్టుకున్న పేర్లే దేశం జ్ఞాపకమయ్యాయి. కవులు చేయలేదు ఆ పని, రెవెన్యూ రికార్డు చేసింది.

(సర్వేయరమ్మ మొహంలో మొదటిసారి ఎదురు మాట దొరకని వాలకం చూశాను.)

సర్వేయరు: మా రికార్డులో పేరుకి గడి లేదు మాస్టారూ. పొలం కొలతల పుస్తకం ఎఫ్ఎంబీలో గట్టు ఉంటుంది, బావి గుర్తు ఉంటుంది. కొండ ఉంటే కొండ పోరంబోకు, వాగు ఉంటే వాగు పోరంబోకు. ఏ కొండో, ఏ వాగో ఉండదు. 2020 డిసెంబరులో రీసర్వే మొదలయ్యాక సర్వే నంబరు కూడా పోయి ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబరు, అదే ఎల్పీఎం, వస్తోంది. రైతు మాత్రం ఇప్పటికీ నంబరు చెప్పడు. 'పుట్టచేను', 'ఏటిగడ్డ మడి', 'జువ్విమాను కింద రెండెకరాలు' అంటాడు. మేం నంబరు వేసుకుని ఆ మాట అక్కడే వదిలేసి వస్తాం.

మాస్టారు: వదిలెయ్యకు. ఆ మాటే రాయి.

సర్వేయరు: ఏ గడిలో రాయను?

మాస్టారు: గడి లేకపోతే వెనక పేజీలో రాయి. పుట్టచేను, ఏటిగడ్డ, జువ్విమాను. బెర్గ్, బాకెన్, బాఖ్ అన్నీ మొదట చోట్ల పేర్లే. ఇంటిపేర్లు అయింది తర్వాత. ఊరి పేరయినా బోర్డు మీద మిగులుతుందేమో, చేను పేరు దున్నేవాడితో పోతుంది.

సర్వేయరు: రాస్తే నా పద్ధతిలో రాస్తాను. పట్టాదారుని ఒక్కణ్ణే అడగను. కలుపు తీసినావిడని అడుగుతాను, గొర్రెలకాపరిని అడుగుతాను. ఒకే చేనుకి ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాస్తాను. ఏది అసలుదో మీరు వ్యాకరణం పెట్టి కొట్టెయ్యకూడదు.

మాస్టారు: కొట్టెయ్యను. పక్కన ప్రశ్నార్థకం మాత్రం పెడతాను.

సర్వేయరు: ప్రశ్నార్థకం పెన్సిల్‌తో పెట్టండి.

అక్కడితో వాళ్ల మాట ఆగింది, కరెంటు పోయింది గనక. ఇంటిపేరు నేల ఇచ్చిందా మనుషులు ఇచ్చారా అన్నది ఇద్దరూ తేల్చలేదు. మాస్టారి వ్యాకరణం గట్టిది, సర్వేయరమ్మ లెక్క అంతకన్నా గట్టిది. ఎవరికి పేరు రాశారు, ఎవరికి రాయలేదు అన్న ప్రశ్న పక్కన పెట్టి ఇంటిపేర్ల అర్థాలు చెప్పుకోవడం నా దృష్టిలో కాలక్షేపమే. అయితే ఒక పని మాత్రం ఇద్దరి వాదనా గెలవకుండానే చేయొచ్చు. పెద్దారవీడు, మార్కాపురం, అర్ధవీడు మండలాల ముంపు ఊళ్ల వాళ్లు ఈ వ్యాసం చదువుతుంటే, మీ ఇంట్లో పెద్దవాళ్లని, ముఖ్యంగా ఆ ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, చేల పేర్లు, కుంటల పేర్లు, దారుల పేర్లు వాళ్లు పలికినట్టే రాసిపెట్టండి. కొత్త కాలనీకి పేరు పెట్టమని అధికారులు అడిగితే నంబరు ఒప్పుకోకండి. మీ ఊరు కలనూతలయితే కలనూతల అనే రాయించండి.